స్త్రీ స్వేచ్ఛ మీద మావారి ఉపన్యాసం

మావారు స్త్రీ స్వేచ్ఛ మీద ఇచ్చిన ఉపన్యాసం రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. దాన్ని వినడానికి వెళ్ళేందుకు ఆయన అనుమతి సంపాదించడానికి నాలుగు రోజులు పట్టింది.

రెండో ప్రపంచయుద్ధం అయిపోయిన మరుసటి ఏడు సంగతి ఇది. నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. పుట్టిల్లు మాకవరపాలెం దగ్గర ఒక పల్లె. నాన్న బడిపంతులు కాబట్టి తెలుగు చదువు అబ్బింది. అనకాపల్లి కాపురానికి వచ్చాక, మావారు హైస్కూల్లో ఇంగ్లీషు మాష్టారు కాబట్టి, ఇంగ్లీషూ అబ్బింది. ఆయన నాకు ఇంగ్లీషు నేర్పిన పద్ధతి గురించి ఒక మాట చెప్పాలి. సాయంత్రం స్నేహితులు వచ్చినప్పుడు నన్ను గుమ్మం దాకా పిలిచి ఏదో ఒక పేరా చదివించేవారు. నేను చదివేదాన్ని. స్నేహితులు ఆయన్ని మెచ్చుకునేవారు. నేను లోపలికి వెళ్ళి కాఫీ కలిపేదాన్ని. మూడేళ్ళు తిరిగేసరికి నాకు ఇంగ్లీషు వచ్చింది. ఎవరి కాఫీలో ఎంత బెల్లం వెయ్యాలో కూడా వచ్చింది.

ఆయన చెడ్డవారు కారు. చెరుకు పండించే ఇంట్లో పుట్టి, ఆ ఇంటికి మొదటి బి.ఏ. అయినవారు. నా మీద చెయ్యెత్తి ఎరగరు, గొంతెత్తి ఎరగరు. స్త్రీలకు స్వేచ్ఛ ఉండాలని మనస్ఫూర్తిగా నమ్మేవారు. ఏ స్త్రీలకన్నది మాత్రం ఎప్పుడూ ఆలోచించినట్టు లేదు.

ఇంట్లో మూడో మనిషి మా అత్తగారు. మామగారు కశింకోట పక్కనున్న సొంత ఊళ్ళో చెరుకు తోటలూ గానుగా చూసుకునేవారు. ఆవిడ, కోడలు చిన్నపిల్లని చెప్పి, ఏడాదిలో సగం రోజులు మా దగ్గరే ఉండేది. చదువు లేదు. కానీ ఒకసారి విన్న మాటను మళ్ళీ అక్షరం పొల్లుపోకుండా చెప్పేది. ఇంట్లో ఏదైనా తగువొస్తే అదే పెద్ద చిక్కు.

ఆ ఏడు మా వీధి చివరి రీడింగ్ రూం వార్షికోత్సవానికి మావారిని ఉపన్యసించమన్నారు. ఆయన దగ్గర ఒక పాత పుస్తకం ఉండేది. విశాఖపట్నంలో ఎవరో దొర ఊరు విడిచి పోతూ అమ్ముకున్న సామాన్లలో దొరికింది. పోయిన శతాబ్దంలో తెల్లవాళ్ళు రాసిన చిన్న కథలు. మొదటి పుటలు చెదలు తిన్నాయి కాబట్టి రాసిందెవరో మాకు తెలియదు. తెలియకపోవడం వల్ల మావారికి మేలే జరిగింది. ఆ కథల గురించి ఆయన ఏం చెప్పినా కాదనేవాళ్ళు అనకాపల్లిలో లేరు.

"గత శతాబ్దపు కథానికలలో దాంపత్యము, స్త్రీ స్వేచ్ఛాకాంక్ష" అని పేరు పెట్టి కమిటీకి పంపేశారు. తర్వాత పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టారు.

"నువ్వు ఈ కథలు చదివి, ఒక్కో కథా సగం పేజీకి మించకుండా తెలుగులో రాసి పెట్టు. ఆలోచన నేను చేసుకుంటాను" అన్నారు.

"మీరు చదివారు కదా?" అన్నాను.

"చదివేను. మొదటి కథ చదివేను. మిగతావీ అదే బాణీ."

పుస్తకం విప్పగానే కాగితాలు మూడు కట్టలుగా ఊడి నేలమీద పడ్డాయి. అట్ట వీపు పూర్తిగా చిరిగిపోయింది. దాంతో అది ముందు మా పెరటివైపు సందులో ఉన్న బైండరు సాయిబు గారింటికి వెళ్ళాల్సి వచ్చింది. స్కూలు రిజిస్టర్లన్నీ ఆయనే బైండు చేసేవాడు. అట్టలు కోసేదీ, గుడ్డ అంటించేదీ ఆయనే అయినా, కాగితాలు మడతల వారీగా సర్ది సూదీ దారంతో కుట్టేది ఆయన భార్య. నేనావిణ్ణి ఆపా అనేదాన్ని, వాళ్ళ మాటలో అక్క అని. నాకంటే పదేళ్ళు పెద్ద. ఘోషా పాటించే ఇల్లు కాబట్టి వీధివైపుకి రాదు. మా పెరటి తలుపు తీస్తే ఆవిడ పెరటి తలుపు. మా ఇద్దరి లోకమూ ఆ రెండు తలుపుల మధ్య నాలుగు గజాల సందు.

పుస్తకం కుట్టేలోపు చదవాలి కాబట్టి నేనే మధ్యాహ్నాలు అక్కడికి వెళ్ళి కూర్చున్నాను. ఆవిడ ఒక కట్ట కుట్టేలోపు నేను ఇంకో కట్ట చదివేదాన్ని. మైలుతుత్తం కలిపిన మైదా జిగురు వాసన గదంతా నిండి ఉండేది. మొదటి రోజునే ఆవిడ అడిగింది.

"ఇన్నేళ్ళుగా పుస్తకాలు కుడతన్నాను గానీ, లోపల ఏటుందో ఒక్కదాంట్లోనూ తెల్దు. ఇదేటి సెప్తాది అమ్మాయీ?"

సరే చెబుదామనుకున్నాను. అప్పటికే మా అత్తగారు, కోడలు ఎంతసేపటికీ తిరిగి రాలేదని, వెతుక్కుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. నన్ను లేవదీయడానికి వచ్చిన మనిషి, "ఏటా కత?" అంటూ పీట లాక్కుని కూర్చుంది.

ఒక కథలో ఒకావిడ భర్త ఊరికి పెద్ద. ఆదివారం పూట చర్చి గంట మోగగానే ప్రార్థనకు వెళ్ళి, గోడ గడియారం ప్రకారం ఇన్ని గంటలకు వస్తానని చెప్పి, అన్ని గంటలకే వస్తాడు. జేబు గడియారాన్ని కూడా బయల్దేరే ముందు ఆ గోడ గడియారం చూసే దిద్దుకుంటాడు. ఆ ఇల్లాలు ప్రతి ఆదివారం అతను బయల్దేరే ముందు ఆ గడియారాన్ని అరగంట వెనక్కి తిప్పి, వచ్చాక మళ్ళీ సరిచేసేది. ఆ విధంగా వారానికి అరగంట దాచుకునేది.

"ఆ అరగంటా ఆవిడ ఏటి సేసీది?" అంది అత్తగారు.

"ఏమీ చేసేది కాదు. కిటికీ దగ్గర కూర్చునేది."

"అంతేనా?"

"అంతే."

అత్తగారు పీట ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "మళ్ళీ సెప్పు" అంది.

ఆపా పళ్ళతో దారం కొరికి, "మా ఇంట్లో గడియారం లేదు. అజానే మా గడియారం. దాన్నెవరు తిప్పగలరు?" అని నవ్వింది.

ఇంకో కథలో ఒక న్యాయాధికారి భార్య. ఆ భర్త చాలా మంచివాడు. కావలసినవన్నీ కొనిపెడతాడు. కాకపోతే భార్యకు వచ్చిన ఉత్తరాలన్నీ ముందు తను విప్పి, చదివి, "మీ అక్కయ్య బాగానే ఉందట" అని చెప్పి ఇస్తాడు. ఒక రోజు ఆవిడ పక్క ఊరికి వెళ్ళి, అక్కడి పోస్టు డబ్బాలో తన పేరుకే ఒక ఉత్తరం వేసుకుంటుంది. అది ఇంటికి వస్తుంది. భర్త విప్పుతాడు. లోపల తెల్ల కాగితం. ఒక్క అక్షరం ఉండదు. అతను దీపానికి పట్టి చూస్తాడు, నీళ్ళు చల్లి చూస్తాడు. "ఇదేమిటి?" అని భార్యను అడుగుతాడు. ఆవిడ, "నాకొచ్చిన ఉత్తరం" అని చెయ్యి చాపి తీసుకుని, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని చదువుకుంటుంది. కథ అక్కడితో సరి.

చెప్పడం పూర్తయ్యేసరికి ఆపా చేతిలో సూది ఆగిపోయి ఉంది. అత్తగారు మాత్రం, "తెల్ల కాయితం సదువుకుందా! అయితే అది నాను కూడా సదవగలను" అంది.

రెండు రోజుల్లో కథలన్నీ రాసేశాను. మావారు చూసి, "శైలి బాగుంది. నా శైలి నీకు పట్టుబడింది" అన్నారు.

అప్పుడడిగాను, నేను కూడా సభకు వస్తానని.

మొదటి రోజు ఆయన చెప్పిన కారణం, ఆడవాళ్ళెవరూ రారు, నువ్వొక్కర్తివే వస్తే బాగుండదని. ఆ మాటే కమిటీలోని నలుగురూ కూడా తమ తమ ఇళ్ళలో చెప్పారని తర్వాత తెలిసింది. రెండో రోజు కారణం కుర్చీలు చాలవని. కింద కూర్చుంటానన్నాను. మూడో రోజు చాలా ఆలోచించి, "రాసిందే నువ్వు కదా, మళ్ళీ వినడం ఎందుకు?" అన్నారు.

నాలుగో రోజు అన్నం తింటూండగా అత్తగారు పెరుగు వడ్డిస్తూ అంది. "నాయనా, నీ ఉపన్యాసానికి నానొత్తన్నాను."

"నువ్వెందుకమ్మా! నీకేం అర్థమవుతుంది?"

"కన్నకొడుకు పదిమందిలో మాటాడతంటే సూడ్డానికి అర్తమవాలేటి? కోడలు తోడొత్తాది. ఎనకాల సాయిబు గారి పెళ్ళాం కూడా వత్తానంది. పుస్తకం ఆవిడే కుట్టింది."

తల్లిని రావద్దనడం ఆయనకు తెలియదు. అలా మేం ముగ్గురం, ఆపా బురఖా వేసుకుని, స్త్రీ స్వేచ్ఛ గురించి వినడానికి వెళ్ళాం. రీడింగ్ రూం వారు మా కోసం పక్క వరండాలో వెదురు తడిక కట్టించి, దాని వెనుక చాప పరిచారు. తడిక సందుల్లోంచి వేదిక కనిపించేది కాదు. పూలదండ వేసిన మైకు మాత్రం కనిపించేది. ఇంకో రెండిళ్ళ నుంచి ఇద్దరు ముసలమ్మలు కూడా వచ్చారు. ఒకావిడ హరికథ అనుకుని వచ్చింది.

అధ్యక్షులు ప్లీడరు గారు. ఆయన తొలిపలుకులు ముప్పావుగంట సాగాయి. అందులో స్త్రీని దేవత అని ఏడుసార్లు, భూమాత అని మూడుసార్లు, దీపం అని ఒకసారి అన్నారు. మనిషి అనడానికి వేళ చాలలేదు.

తర్వాత మావారు లేచారు. నేను రాసిన అక్షరాలు ఆయన గొంతులోంచి వస్తూంటే, నిజం చెప్పాలి, నా ఒళ్ళు పులకరించింది. గడియారం కథ నేను రాసినట్టే చదివారు. సభలో చిన్నగా నవ్వులు. ఉత్తరం కథకు వచ్చారు. భర్త విప్పాడు, తెల్ల కాగితం, దీపానికి పట్టాడు, అంతా సరిగ్గానే ఉంది. ఆ తర్వాత ఆయన గొంతు ఒకసారి సవరించుకుని చదివారు. "అంతట ఆ సాధ్వి తన తొందరపాటుకు పశ్చాత్తాపము చెంది, భర్త పాదములపై వ్రాలి, కన్నీటితో ఆ కాగితమును తడిపెను. ఉదారుడైన భర్త ఆమెను లేవనెత్తి క్షమించెను."

నాకు ఒక్క క్షణం పుస్తకంలో ఏదైనా పుట నేనే వదిలేశానేమో అనిపించింది. ఆపా నా చెయ్యి పట్టుకుని, "ఈ కాయితం నాను కుట్టలేదే!" అని గుసగుసలాడింది. ముందురోజు హెడ్మాస్టరు గారు ఉపన్యాసం చూసి, ముగింపు కాస్త మెత్తగా ఉంటే మంచిదన్నారట. మెత్తబడింది కథ.

చప్పట్లు కొట్టారు. ప్లీడరు గారు ఆనందం పట్టలేక లేచి నిలబడ్డారు. "సోదరులారా! ఈ కథలోని అంతరార్థం గ్రహించారా? ఆ భార్యే భారతమాత! ఆ భర్తే పరప్రభుత్వం! ఆ తెల్ల కాగితమే మన కాంక్ష!" అన్నారు. ఇంకా పెద్ద చప్పట్లు. అయితే భారతమాత పరప్రభుత్వం కాళ్ళ మీద పడి క్షమాపణ అడగడమేమిటని ఎవరికీ తోచలేదు. ఆ రోజుల్లో మా ఊళ్ళో ఆడదాని స్వేచ్ఛ గురించి మొదలుపెట్టిన ఏ మాటైనా రెండో వాక్యానికల్లా దేశం మీదికి వెళ్ళిపోయేది. దేశానికి వచ్చాక మనకీ వస్తుందని మేం ఊరుకునేవాళ్ళం.

ముందు వరసలో కూర్చున్న బెల్లం వర్తకుడొకాయన లేచి, "నాకో సందేహమండి. అచ్చరం ముక్క లేని ఉత్తరానికి ఆవిడ స్టాంపు ఎందుకు దండగ సేసినట్టండి?" అని అడిగాడు. అందరూ ఘొల్లున నవ్వారు. మావారు, "అది స్త్రీ చాపల్యానికి ప్రతీక" అన్నారు.

అప్పుడు తడిక వెనక నుంచి మా అత్తగారి గొంతు లేచింది. పొలంలో ఆ గట్టు మీద ఉన్న మనిషిని ఈ గట్టు మీద నుంచి పిలిచి అలవాటైన గొంతు. మైకు అవసరం లేదు.

"నాయనా! కత అలాగ అవ్వలేదురా. నువ్వు మర్సిపోయినట్టున్నావు."

సభంతా తడిక వైపు తిరిగింది. ప్లీడరు గారు, "ఎవరండీ అది?" అన్నారు.

కమిటీ కార్యదర్శి నెమ్మదిగా, "వక్తగారి తల్లిగారండి" అన్నారు.

దేవత, భూమాత, దీపం అని చెప్పి ఇంకా గంట కాలేదు. కూర్చోమనడానికి ఎవరికీ నోరు రాలేదు. అత్తగారు కూర్చునే ఉంది కూడా.

"ఆవిడ కాళ్ళ మీద పడలేదు" అని ఆవిడే చెప్పుకుపోయింది. "'నాకొచ్చిన ఉత్తరం' అని సెయ్యి సాపి తీసుకుంది. గదిలోకెళ్ళి తలుపేసుకుంది. సదువుకుంది. అంతే. కోడలు సదివి సెప్పింది. కావాలంటే కోడలినడుగు, ఇక్కడే ఉంది. రాసింది కూడా అదే కదా!"

హరికథ అనుకుని వచ్చిన ముసలమ్మ, "అదీ, అలాగుండాల" అంది.

వందన సమర్పణ చాలా త్వరగా ముగిసింది.

ఆ తర్వాత ఎనిమిది రోజులు మావారు మాతో మాట్లాడలేదు. కోపంతో అరిచి ఉంటే మాకూ సుఖంగా ఉండేది. అరవడం ఆయనకు చేతకాదు. కావలసినవన్నీ గోడతో చెప్పేవారు. "గొడుగు ఎక్కడుందో!" అని గోడను అడిగేవారు. నేను గొడుగు తెచ్చి గోడకు ఆనించేదాన్ని. అత్తగారు మాత్రం తను చేసిన తప్పేమిటో తెలియక, "అబద్దం సెప్తంటే దిద్దొద్దేటి? సిన్నప్పుడు ఎక్కాలు తప్పు సెప్తే దిద్దలేదా!" అని మథన పడింది. తనకి చదువు రాకపోయినా విన్నది గుర్తుపెట్టుకుని దిద్దింది కాబట్టే ఆయన బి.ఏ. అయ్యారు.

రీడింగ్ రూం వారు మాత్రం ఊరుకోలేదు. స్త్రీలలో ఇంత చైతన్యం ఉన్నందుకు సంతోషించి, గురువారం మధ్యాహ్నం ఒక గంట స్త్రీలకు కేటాయించారు. స్త్రీలు చదవదగిన పుస్తకాలేవో తేల్చడానికి ఐదుగురు మగవాళ్ళతో ఒక ఉపసంఘం వేశారు. వాళ్ళు తేల్చిన వాటిలో ఊరగాయల పుస్తకం ఒకటి, శిశుపోషణ ఒకటి, వ్రతకథలు మూడు.

తొమ్మిదో రోజు సాయంత్రం ఆయన గోడను వదిలి నా వైపు తిరిగారు. నేను బియ్యం ఏరుతున్నాను. ఎదురుగా వచ్చి నేల మీద కూర్చున్నారు. ఎప్పుడూ అలా కూర్చోరు.

"నిజంగా అడుగుతున్నాను. నా దగ్గర నీకేం తక్కువయింది?" అన్నారు.

ఆ గొంతు ఉపన్యాసం గొంతు కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. నాకు ఏడుపొచ్చింది. తక్కువేం కాలేదని చెప్పబోయి, చెప్పలేకపోయాను.

"ఒక్కసారి ఒక్కదాన్నే కశింకోట దాకా రైల్లో వెళ్ళి రావాలని ఉంది" అన్నాను.

"మనూరికేనా? నాన్నని చూడ్డానికా? దానికేం, ఆదివారం అందరం..."

"ఊళ్ళోకి కాదు. ఉత్తినే. వెళ్ళి, వచ్చేస్తాను."

"ఎందుకు?"

"ఎందుకూ లేదు."

"ఎందుకూ లేకుండా మనిషి ఎక్కడికైనా ఎలా వెళ్తుంది?" ఆయన చాలాసేపు ఆలోచించారు. ఆయనకి అర్థం కాలేదని నాకు తెలుస్తూనే ఉంది. అర్థం కాకుండానే, "సరే, వెళ్ళు" అన్నారు. అది ఆయన మంచితనం. ఆ మంచితనం ఎంతవరకో మరుసటి శనివారం తెలిసింది.

పొద్దుటి పాసింజరులో ఆడవాళ్ళ పెట్టె ఎక్కాను. చేతిలో సంచీ లేదు, చంకలో పిల్ల లేదు, పక్కన మనిషి లేడు. ఎదురుగా కూర్చున్న ఆవిడ, "పురుడికా, పెళ్ళికా?" అని అడిగింది. ఉత్తినే అన్నాను. ఆవిడ కాస్త జరిగి కూర్చుంది. రైలు కదిలాక కిటికీలోంచి మొహాన గాలి కొడుతూంటే, ఇంతవరకూ నేను చూసిన చెరుకు తోటలన్నీ ఎవరో ఒకరి భుజం మీదుగా చూసినవేనని అనిపించింది.

కశింకోటలో దిగి బల్ల మీద కూర్చున్నాను. పది నిమిషాలు పరమ హాయిగా గడిచాయి. అప్పుడు ప్లాట్‌ఫారం ఆ చివర, నీళ్ళ కుండ పందిరి వెనుక, ఒక పేపరు కనిపించింది. దాని కింద పంచె అంచు, కింద హైస్కూలుకి వేసుకునే బూట్లు. పేపరు తలకిందులుగా ఉంది.

ముందు కడుపు మండింది. తర్వాత నవ్వొచ్చింది. నవ్వు ఆపుకుని లేచి స్టేషన్ బయటికి నడిచాను. ఊరివైపు కాకుండా తోటల్లోకి పోయే బండ్లబాట పట్టాను. వెనక బూట్ల చప్పుడు. నేను ఆగితే ఆగేది. ఎడమకు తిరిగాను. ఎందుకూ లేకుండా మళ్ళీ కుడికి తిరిగాను. ఎండ మండుతోంది. చెరుకు ఆకు ఆయన పంచెకు పట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. నేను చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని ఒక కాలవలోకి దిగి దాటాను. బూట్లు ఒడ్డున కాసేపు తటపటాయించి, తర్వాత నీళ్ళలో దిగాయి. అలా గంటన్నర సేపు నా ఇష్టమొచ్చిన చోటల్లా మావారిని తిప్పాను. నా కాపురం మొత్తంలో నా వెనక ఆయన నడిచింది ఆ ఒక్క రోజే.

మధ్యాహ్నం బండిలో ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని కూర్చున్న పావుగంటకు ఆయన వచ్చారు. మొహం కందగడ్డలా ఉంది. కుంటుతున్నారు.

"ఎలా ఉంది ప్రయాణం?" అన్నారు, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ.

"బాగుంది."

"దారిలో ఏ ఇబ్బందీ లేదు కదా?"

"లేదు. ఎవడో ఒకడు మాత్రం వెంటపడ్డాడు. చూడ్డానికి పెద్దమనిషిలాగే ఉన్నాడు."

ఆయన తువ్వాలు మొహం మీదే ఉండిపోయింది. "అలాగా? నువ్వేం చేశావు?"

"నేనేం పట్టించుకోలేదు. పాపం, ఎండలో బాగా అలిసిపోయి ఉంటాడు."

గుమ్మంలో వడియాలు ఎండబెడుతున్న అత్తగారు తల తిప్పి కొడుకు బూట్ల వైపు చూసింది. తడి బురద చీలమండల దాకా ఉంది. ఆవిడ నవ్వడం మొదలుపెడితే వడియాల గుడ్డ మీద కూలబడిపోయేదాకా ఆగలేదు. చివరికి ఆయన కూడా నవ్వారు. నవ్వాక, "ఇంకోసారి వెళ్తే రాను" అన్నారు. ఆ మాట నిలబెట్టుకున్నారు. ఒకసారి స్టేషన్ దాకా వచ్చి ఆగిపోయారు, అంతే.

ఇది జరిగిన పదిహేను రోజులకు, ఒక ఆదివారం పొద్దున్న, అత్తగారు జరీ అంచు చీర కట్టుకుని కొప్పు ముడుచుకుంది.

"ఎక్కడికత్తా? ఉండండి, నేనూ వస్తాను" అన్నాను.

"నువ్వొద్దు. ఒక్కదాన్నే ఎల్తాను."

"ఎక్కడికి?"

ఆవిడ నా వైపు జాలిగా చూసింది. "నువ్వు కూడా అలాగే అడుగుతున్నావేటే!" అని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ ఒంటరిగా వెళ్ళిన దూరం ఇంటికీ చెరువుకీ మధ్య ఉన్నంతే.

మావారు ట్యూషను ముగించుకుని పది గంటలకు వచ్చేసరికి తల్లి లేదు. "అమ్మేది? ఏటిది? ఎక్కడికెళ్ళింది? నువ్వెలా పంపించేవు?" అంటూ చదువుకున్న తెలుగంతా మరచిపోయారు. స్టేషనుకు పరిగెత్తారు. టిక్కెట్ల గుమస్తా, ఎవరో పెద్దావిడ ఇందాకటి బండి ఎక్కిందన్నాడు. ఎక్కడికి టిక్కెట్టు తీసుకుందంటే గుర్తులేదన్నాడు. బజారు తిరిగారు. శారదా నది ఒడ్డుకి వెళ్ళి చూసి వచ్చారు. నేను కూడా భయపడ్డాను. లేదంటే అబద్ధం. ఇద్దరం అన్నం ముట్టలేదు. మధ్యాహ్నం ఆయన సొంతూరికి సైకిలు మీద వెళ్ళి, అక్కడ లేదని నిర్ధారించుకుని, మామగారికి అనుమానం రాకుండా ఏదో చెప్పి తిరిగొచ్చారు. నేను ఆపా దగ్గరికి వెళ్ళి కూర్చుని, వీధి చూడ్డం ఇష్టంలేక ఆవిడకు దారం ఎక్కించి ఇస్తూ ఉండిపోయాను.

పొద్దు వాలుతూండగా పెరట్లోంచి అత్తగారి గొంతు వినిపించి పరుగెత్తుకెళ్ళాను. ఆవిడ అప్పటికే వంటింటి గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. చీర అంచుకి పల్లేరుకాయలు అంటుకుని ఉన్నాయి. కొప్పు ఊడిపోయింది. మొహం ఎండకి నల్లబడి, పెళ్ళిలో తిరిగొచ్చిన చిన్నపిల్లలా ఉంది. కొడుకు ఎదురుగా నిలబడి రొప్పుతున్నారు.

"ఎక్కడికెళ్ళేవమ్మా?"

"రైలెక్కేను. దిగేను. మళ్ళీ ఎక్కేను."

"అదే, ఎక్కడ దిగేవు?"

"పేరు సదవడం నాకొచ్చేటిరా?"

"ఎవరైనా తెలిసినవాళ్ళు కనిపించారా? ఏం చేసేవు ఇంతసేపు? ఎవరితో మాటాడేవు?"

అత్తగారు పల్లేరుకాయలు ఒక్కొక్కటీ తీసి పక్కన పెడుతోంది. ఆయన అడగడం అయ్యేదాకా ఓపికపట్టి, తలెత్తి చూసింది.

"నాయనా, ఆకలేత్తంది. అన్నం ఎట్టు."

ఆయన అలవాటుగా నా వైపు చూశారు. నేను లోపలికి వెళ్ళబోతే అత్తగారు నా చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకుంది. "అదీ పొద్దుట్నుంచీ తినలేదంట. దానికీ ఎట్టు."

మావారు వంటింట్లోకి వెళ్ళారు. గిన్నెల మూతలు ఒకటొకటిగా తీస్తున్న చప్పుడు వినిపించింది. చాలాసేపటికి, "ఇందులో పులుసేది?" అన్న కేక వినిపించింది. మేమిద్దరం పల్లేరుకాయలు ఏరుకుంటూ కూర్చున్నాం. ఇంకాసేపటికి రెండు విస్తళ్ళు తెచ్చి మా ముందు వేశారు. ముందు పులుసు పోసి, దాని మీద అన్నం పెట్టారు. పులుసు ఆకు చివర్ల నుంచి కారి నేలంతా పారుతోంది. అత్తగారు చేత్తో దాన్ని ఆపుతూ, నవ్వకుండా, కలుపుకుని తినసాగింది. నేనూ తిన్నాను. ఆయన గరిటె పట్టుకుని, ఇంకేం వడ్డించాలో తెలియక, మా ఇద్దరి మధ్య నిలబడి ఉన్నారు.